తాళంచెవి ఆఖరున

కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు. కూర్చున్నది కారైతే తినకుండానే కరిగిపోతుంది. ఈ సంగతి తెలియక కాదు, నమ్మబుద్ధి కాకే చాలా ఇళ్లలో ఒక కారు గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో చూడండి, గుంటూరు, భీమవరం వైపు పెద్ద ఇళ్ల వెనక రేకుల షెడ్లలో చూడండి. ఇంటి పెద్దాయన పోయాక ఆయన అంబాసిడర్ అలాగే ఉండిపోతుంది. పిల్లలు డాలస్‌కో సిడ్నీకో వెళ్లిపోతే వాళ్లు మోజుపడి కొన్న బండి అమ్మానాన్నల గుమ్మం ముందు నిలిచిపోతుంది. "తిరిగింది చాలా తక్కువండీ, కొత్తదానికిందే లెక్క" అని వచ్చినవాళ్లకల్లా చెబుతుంటారు. ఏ సంక్రాంతికో, ఏ పెళ్లికో నలుగురూ కూడినప్పుడు ఎవరికో ఉత్సాహం పుడుతుంది. గుడ్డ తీస్తారు, దుమ్ము దులుపుతారు, కొత్త బ్యాటరీ తెప్పిస్తారు, కొబ్బరికాయ కొట్టి తాళంచెవి తిప్పుతారు. ఈ వరసలోనే తప్పుంది. ఏళ్ల తరబడి నిలిచిపోయిన కారుకు తాళంచెవి ఆఖరున తిప్పాలి. ఎందుకంటే నిలిచినన్నాళ్లూ అది విశ్రాంతి తీసుకోలేదు. దాని లోపల ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. జరిగిందేమిటో చూసుకుని, దాన్ని సరిచేసుకున్నాకే ఇంజిన్ సంగతి. ఉంచడం వేరు, కాపాడడం వేరు అన్నదే ఇక్కడ నా వాదన.

ముందు ఒక సాక్ష్యం. సరైన షెడ్డు లేకనో, చూసే మనిషి లేకనో, డబ్బు చాలకనో కార్లు పాడవుతాయని మనం అనుకుంటాం. ఆ మూడింటికీ లోటు లేని ఇల్లు మన హైదరాబాద్‌లోనే ఒకటుండేది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండ్‌లో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తయారు చేయమని పురమాయించాడు. సింహాసనం లాంటి సీటుతో, పసుపు రంగుతో దాని ఒడలు కట్టారు. బండి ఊరు చేరకముందే, 1911లో ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత అది మొత్తం మీద తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే సుమారు 573 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విశాఖపట్నం చేరడానికి కూడా చాలదు. "తక్కువ తిరిగిన బండి" అనే మాటకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. అయినా దాన్ని చౌమహల్లా ప్యాలెస్‌లో జనం చూసేలా నిలబెట్టడానికి పూనుకుని బాగుచేయించాల్సి వచ్చింది. 1967లో ఏడో నిజాం పోయి మనవడు ముకర్రమ్ జా చేతికి ఆస్తి వచ్చేసరికి, అరవై కార్ల పేరిట పెట్రోలుకూ విడిభాగాలకూ ఖర్చు రాస్తుంటే, వాటిలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని ఆ కుటుంబం గురించి రాసినవాళ్లు నమోదు చేశారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ ఆ ఏడో నిజాం ఇంట్లో, కప్పు కిందా కాపలా మధ్యా కార్ల గతి అదైతే, రేకుల షెడ్డు మీద మనం పెట్టుకున్న నమ్మకం ఏపాటిది? కారును కాపాడేది కప్పు కాదు, కదలిక.

మన పొరపాటు కారును బంగారంతో జమకట్టడంలో ఉంది. బంగారాన్ని బీరువాలో పెట్టి ముప్ఫై ఏళ్లు మరిచిపోవచ్చు, తీసినప్పుడు పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లో మిగతా వస్తువులేవీ అలాంటివి కావని ఆడవాళ్లకు బాగా తెలుసు. పట్టుచీరను ఏడాదికోసారైనా తీసి మడత మార్చి పెట్టకపోతే, కట్టకుండానే మడత దగ్గర చిరుగుతుంది. ఆవకాయ కలిపి జాడీకెత్తాక మూడో రోజు తిరగ కలపకపోతే పైన బూజు పడుతుంది. కారు చీర కన్నా చిక్కైన వస్తువు. అందులో ఇనుము, అల్యూమినియం, రాగి, రబ్బరు, అట్ట, గాజు ఉన్నాయి. నూనె, నీళ్లు, పెట్రోలు, యాసిడ్ ఉన్నాయి. ఇన్ని రకాల పదార్థాలు ఒకే ఒంట్లో సర్దుకుని బతికేది, అది తిరుగుతుందన్న లెక్క మీదే. నడిచేటప్పుడు పుట్టే వేడి తేమను తరిమేస్తుంది, నూనె చేరాల్సిన చోటికి చేరుతుంది, డైనమో బ్యాటరీని నింపుతుంది, టైరు ఒకేచోట భారం మోయకుండా దొర్లుతుంది. ఆపేశామంటే ఈ కాపలాదారులందరినీ ఒకేసారి పనిలోంచి తీసేసినట్టు. కాపలా పోయాక దొంగలు ఒక్కొక్కరే వస్తారు. ఎవరు ఏ దారిన వస్తారో తెలిస్తేనే ఇల్లు చక్కబెట్టుకోగలం.

మొదటి దొంగ తేమ. నడిచే ఇంజిన్‌లో లోహానికీ లోహానికీ మధ్య పలచటి నూనె పొర ఉంటుంది, పిస్టన్ దాని మీద జారుతుంది. ఇంజిన్ ఆగాక ఆ నూనె మెల్లగా కిందికి దిగుతుంది. నెలలు గడిచేకొద్దీ చాలామటుకు అడుగునున్న సంపులోకి చేరి, సిలిండర్ గోడ పొడిబారుతుంది. అక్కడ ఇనుముంది, గాలి ఉంది, గాలిలో నీరుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఏ భంగిమలో ఆగినా ఏదో ఒక సిలిండర్‌కు వాల్వు తెరుచుకునే ఉంటుంది. మన వానాకాలం, కోస్తా అయితే ఉప్పుగాలి కూడా, ఆ సందులోంచి లోపలికి నడిచి వెళ్తుంది. రింగు సిలిండర్‌ను ఆనుకున్న చోట సన్నని గీతలా తుప్పు పుట్టి రెంటినీ అంటిస్తుంది. ఇంజిన్ జామ్ అయిందని మెకానిక్‌లు అనేది తరచుగా దీన్నే. ఈ స్థితిలో కొత్త బ్యాటరీ బలంతో సెల్ఫ్ కొడితే ఏమవుతుంది? గట్టిగా పట్టేసి ఉంటే కదలదు, అది అదృష్టం. కొద్దిగా పట్టి ఉంటే ఊడి వస్తుంది, అదే నష్టం. తుప్పు రేణువులు ఆకురాయిలా సిలిండర్‌ను గీస్తాయి, పెళుసుబారిన రింగు విరగవచ్చు. నూనె పంపు బేరింగుల దాకా నూనె చేర్చేలోపు కొన్ని క్షణాలు అవి పొడిగానే తిరుగుతాయి. ఆ తర్వాత బండి నీలంగా పొగ వదిలితే "పాతది కదా, వదలదా" అని సరిపెట్టుకుంటారు. ఆ పొగలో పాతికేళ్ల పాతదనం వాటా ఎంతో, ఆ ఒక్క నిమిషపు తొందర వాటా ఎంతో ఎవరూ లెక్క తేల్చరు.

దీనికి మందు చవకైనదే, కాకపోతే ఓపిక కావాలి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల నూనె పోసి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంకు పుల్లీ బోల్టుకు పానా తగిలించి చేత్తో మెల్లగా తిప్పాలి. పాత అంబాసిడర్లకు ముందునుంచి గుచ్చి తిప్పే హ్యాండిల్ ఉండేది. బ్యాటరీ చచ్చిపోయినప్పుడు స్టార్ట్ చేయడానికి ఇచ్చారు దాన్ని. కానీ దాని అసలు గొప్పతనం మరొకటి, ఇంజిన్ లోపలి కబురు మనిషి అరచేతికి చేరుతుంది. ఎక్కడో బిగుసుకుంటోందని తెలియగానే చెయ్యి ఆగుతుంది. సెల్ఫ్ మోటారుకు ఆ వివేకం లేదు, అది ఆగదు. ఇంజిన్ రెండు మూడు చుట్లు సాఫీగా తిరిగాక పాత ఆయిల్ దించేసి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోయాలి. చివర్లో బ్యాటరీ పెట్టాక, ముందుగా ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ కొట్టి, డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ దీపం ఆరేదాకా తిప్పితే నూనె పైదాకా ఎక్కుతుంది. ఇవన్నీ చేసేటప్పుడు బండి ఇంకా స్టార్ట్ కాలేదు. కానీ దాని బతుకు చావు మాత్రం అప్పటికే తేలిపోయింది.

రెండో దొంగ ట్యాంకులోనే కాపురం ఉంటాడు. పెట్రోలు నీళ్లలాంటిది కాదు, అదొక మిశ్రమం. తేలిగ్గా అంటుకునే భాగం ముందుగా ఆవిరైపోతుంది. మిగిలింది గాలితో కలిసి జిగురుగా మారి, దబ్బనం మొన కన్నా సన్నగా ఉండే కార్బురేటర్ జెట్లలో గడ్డకడుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కూడా కలుస్తోంది. దేశమంతటా సగటున పది శాతం కలిపే లక్ష్యం 2022లో నెరవేరింది, 2023 నుంచి ఇరవై శాతం మిశ్రమం బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణముంది. నడిచే బండిలో దానివల్ల పెద్ద చిక్కు రాదు, ట్యాంకు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంటుంది. నిలిచిన బండిలో తేమ పేరుకుని, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. రేకు ట్యాంకుకు లోపలినుంచి తుప్పు పట్టేది అప్పుడే. పాతకాలపు రబ్బరు గొట్టాలు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, మెత్తబడతాయి, పగుళ్లిస్తాయి. పగిలిన గొట్టంలోంచి పెట్రోలు వేడెక్కిన ఇంజిన్ మీద కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. అంతకుముందే నిద్రపోయిన పాత ఇంజిన్లకు వాల్వు సీట్లను కాచే ఆ సీసం ఇప్పుడు దొరకదు. కాబట్టి పాత పెట్రోలు మీద "కాస్త కొత్తది పోస్తే సరిపోతుంది" అనేది కుళ్లిన పెరుగులో పాలు పోసినట్టే. మొత్తం దించేయాలి, ట్యాంకు కడగాలి, గొట్టాలు మార్చాలి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయాలి.

ఇక బ్యాటరీ. జనం ముందుగా చూసేది దీన్నే, నిజానికి ఇది అన్నిటికన్నా తేలికైన సమస్య. నిండుగా ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. వాడకపోయినా తనంతట తానే దిగిపోతుంది, ఎండాకాలంలో ఇంకా వేగంగా. ఖాళీగా ఉండిపోతే లోపలి పలకల మీద సీసపు ఉప్పు గట్టి పెచ్చుగా కడుతుంది, ఆపై ఎంత ఛార్జ్ చేసినా కోలుకోదు. కొత్తది కొంటే ఆ కథ అక్కడితో సరి. చిక్కల్లా, కొత్త బ్యాటరీ బండి బాగైందన్న భ్రమ కలిగిస్తుంది. హారన్ మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, ఇంజిన్ కూడా అందుకుందంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ఇల్లలకగానే పండగ కాదు. నడవడం కన్నా ఆగడం ముఖ్యం. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకునేదే. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం, సుమారు నాలుగు శాతం లోపు నీరు చేరినా అది 140కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ ఆయిల్ మరిగి ఆవిరి పుడితే పెడల్ అడుగుకు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అదే నీరు వీల్ సిలిండర్లలో తుప్పు పుట్టిస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసిన బండికి బ్రేక్ షూలు డ్రమ్ములకు అతుక్కుంటాయి, క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుంటుంది. టైరు గీతలు అరగకుండా కొత్తగా కనిపించవచ్చు, పక్కగోడ మాత్రం ఎండిన చెరువులా పగిలి ఉంటుంది. దాని మీదున్న నాలుగంకెల గుర్తు చూస్తే వయసు తెలుస్తుంది, 2315 అని ఉంటే 2015లో ఇరవై మూడో వారంలో పుట్టిందని. కిలోమీటర్లతో పనిలేకుండా రబ్బరు ముసలిదవుతుంది.

పిలవని చుట్టాలు కూడా ఉంటారు. ఎలుకకు ఇంజిన్ బానెట్ కింది చోటు పురిటిగది లాంటిది, చీకటి, వెచ్చదనం, పడుకోవడానికి ఎయిర్ ఫిల్టర్ కాగితం, కొరకడానికి వైర్ల మీది ప్లాస్టిక్. కందిరీగలు సైలెన్సర్ గొట్టంలో మట్టిగూడు కడతాయి. కారు మీద కప్పిన ప్లాస్టిక్ కవర్, ఎంతో ప్రేమగా కప్పినదే, నేల నుంచి లేచే తేమను బయటికి పోనివ్వకుండా లోపల బంధిస్తుంది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి వదిలేసి ఉంటే, అవి ఇంజిన్ గదులలో తుప్పుగానూ సున్నపు పెచ్చుగానూ మారి ఉంటాయి. టైమింగ్ బెల్టు రబ్బరుదైతే దాన్ని కిలోమీటర్లతోనే కాక ఏళ్లతోనూ లెక్కపెట్టాలి. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఈ చిట్టా చదివి భయపడమని కాదు. వీటిలో ఏ ఒక్కటీ ప్రాణాంతకమైన జబ్బు కాదు, అన్నీ కుదిరేవే. ఇంజిన్ తిరగకముందు చూస్తే ఖర్చు కొద్దిపాటిది, తిరిగాక చూస్తే అనేక రెట్లది. తేడా అంతా వరసలోనే ఉంది.

ఇదంతా పాత డొక్కు బండ్ల సంగతి, నేటి యంత్రాలకు వర్తించదని ఎవరైనా అనుకుంటే, ఆకాశం వైపు చూడమంటాను. 2020లో కరోనా వల్ల విమానాలు వేల సంఖ్యలో నేల మీద నిలిచిపోయాయి. ఆ జూలైలో అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ అత్యవసర ఆదేశం ఒకటి జారీ చేసింది. బోయింగ్ 737 విమానం వరసగా ఏడు రోజులు, అంతకుమించి ఎగరకుండా ఉంటే, ఇంజిన్‌లోని ఒక గాలి వాల్వుకు తుప్పు పట్టిందేమో తనిఖీ చేశాకే మళ్లీ ఎగరనివ్వాలన్నది దాని సారం. అప్పటికే ఆ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి, నాలుగు సందర్భాల్లో ఒక ఇంజిన్ గాలిలోనే ఆగిపోయింది. కోట్ల డాలర్ల యంత్రం, చుట్టూ శిక్షణ పొందిన ఇంజినీర్లు, కాగితం మీద ప్రతి మరకీ లెక్క. అక్కడే వారం రోజుల నిలకడకు విలువ కట్టారు. మనం ఎనిమిదేళ్లు నిలిపిన కారుకు ఎనిమిది నిమిషాలైనా కేటాయించకుండా తాళంచెవి తిప్పుతాం. ఆ లాక్‌డౌన్‌లోనే మన వీధుల్లో రెండు మూడు నెలలు కదలని కార్లెన్నో బ్యాటరీ దిగిపోయి మొండికేశాయి. యంత్రానికి విశ్రాంతి అనేది మనిషి పోలిక, మనిషి నిద్రలో కోలుకుంటాడు. యంత్రం నిద్రలో కోలుకోదు, అరగడం మానేసి తుప్పుపట్టడం మొదలుపెడుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది. "మా రోజుల్లో పదేళ్లు నిలిచిన జీపునైనా నలుగురం తోసి స్టార్ట్ చేసేవాళ్లం, ఏమీ కాలేదు" అంటారు. అబద్ధం కాదు. ఆ ఇంజిన్లు మొరటువి, విడిభాగాల మధ్య సందులెక్కువ, ఇంధనం పైనుంచి ధారగా దిగే ఏర్పాటుంటే పంపుతో పని లేదు, కంప్యూటర్ లేదు, ఇథనాల్ లేదు. పైగా బతికి బట్టకట్టిన బండ్ల కథలే మనకు వినిపిస్తాయి. తోసినప్పుడు జామ్ అయి పాతసామాను కొట్టుకు వెళ్లిన బండి గురించి ఎవరూ అరుగు మీద కూర్చుని చెప్పుకోరు. తోసి స్టార్ట్ చేయడం బ్యాటరీ దిగిన బండికి మందు, అంతే. అది బ్యాటరీ లేమిని దాటవేస్తుంది కానీ సిలిండర్ తుప్పునూ, చెడిన పెట్రోలునూ, అతుక్కున్న బ్రేకునూ దాటవేయలేదు. పైగా తోపుడులో చక్రాల బలమంతా ఒక్కసారిగా ఇంజిన్ మీద పడుతుంది, సెల్ఫ్ మోటారు కన్నా కర్కశంగా. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో అయితే పెట్రోలు పంపు ట్యాంకులోనే కరెంటుతో తిరుగుతుంది, ఎంత తోసినా పంపు తిరగనిదే బొట్టు రాదు. పెద్దవాళ్ల అనుభవంలో తీసుకోవాల్సింది వాళ్ల ధైర్యాన్ని కాదు, ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన వాళ్ల చెవిని.

రెండో అభ్యంతరం జాగ్రత్తపరులది. "మేం అలా వదిలేయం, వాచ్‌మన్‌తో వారం వారం ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేయిస్తాం" అంటారు. మంచి మనసే, కానీ ఫలితం తిరగబడుతుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో అది సైలెన్సర్ గొట్టం దాటి బయటికి పోతుంది. ఐదు నిమిషాల ఇంజిన్ వేడెక్కదు, ఆ నీరు కొంత సైలెన్సర్‌లోనే చల్లారుతుంది, కొంత రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్‌లో కలిసి, పొగలోని ఆమ్లాలతో చేరి లోహాన్ని తింటుంది. ఒక్కసారి సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఖర్చుపెట్టింది ఆ ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు. టైర్లు దొర్లలేదు, బ్రేకులు కదల్లేదు, గేరు పడలేదు. రోగిని రోజూ లేపి కూర్చోబెట్టి మళ్లీ పడుకోబెట్టినట్టుంటుంది ఈ సేవ. రెండు వారాలకోసారైనా అరగంట పాటు రోడ్డు మీద తిప్పితే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కి తేమ ఎగిరిపోతుంది, బ్యాటరీ నిండుతుంది, టైరు చోటు మారుతుంది. అది కుదరకపోతే ఐదు నిమిషాల ముచ్చట మానేసి, బ్యాటరీ కేబుల్ తీసి, ట్యాంకులో పెట్రోలు సంగతి చూసి, హ్యాండ్ బ్రేక్ వదిలి చక్రాలకు రాళ్లు పెట్టి, పద్ధతిగా నిద్రపుచ్చడమే నయం.

మూడోది లెక్కల మనిషి అభ్యంతరం, అన్నిటికన్నా బలమైనది. ఇంత తతంగం దేనికి, అమ్మేసి కొత్తది కొనుక్కోరాదా? ప్రీమియర్ పద్మిని ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ముగిశాయి. విడిభాగాల వేట ఒక ఉద్యోగం. చట్టం వైపు చూస్తే, సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపై ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆ రుసుమును ఆరువందల నుంచి ఐదువేల రూపాయలకు పెంచింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండిని మెకానిక్ షెడ్డు దాకా నడిపినా నేరమే, టోయింగ్ బండి మీద పంపాల్సిందే. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో వింటేజ్ గుర్తింపు తీసుకోవచ్చు, కానీ దానితో రోజూ కూరగాయలకు వెళ్లడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికి మాత్రమే. ఈ లెక్కంతా నిజమే, దీన్ని కాదనే తాహతు నాకు లేదు. చాలా కార్ల విషయంలో అమ్మేయడమే సరైన జవాబు కూడా. కానీ లెక్కల మనిషి గమనించని సంగతొకటుంది. తన వాదన బండిని బాగుచేయడానికి మాత్రమే వ్యతిరేకం అనుకుంటున్నాడు, నిజానికి అది బండిని ఉంచుకోవడానికి వ్యతిరేకం. అమ్మితే డబ్బొస్తుంది, నడిపితే ఉపయోగమొస్తుంది. గుడ్డ కప్పి ఉంచితే ఏటేటా విలువ పోతుంది, తెలియకుండా పోతుంది. మూడు దారుల్లో అన్నిటికన్నా ఖరీదైనది ఖర్చే లేదనిపించే ఈ మూడోదారే.

మరి జ్ఞాపకాల మాటేమిటి? నాన్న నడిపిన బండి, అందులోనే ఇంటికొచ్చిన పెళ్లికూతురు, స్టీరింగ్ మీద అరిగిన చోటు, ఇవన్నీ ఇనుప లెక్కల్లో దొరకవు కదా అంటారు. దొరకవు. అందుకే ఆ బండ్లను బాగుచేయించుకునేవాళ్లంటే నాకు గౌరవం. కాని జ్ఞాపకం పేరుతో నిలిపి ఉంచడమే ఆ జ్ఞాపకానికి చేసే మొదటి ద్రోహం. నాన్న ఆ బండిని గుడ్డ కప్పి ప్రేమించలేదు, నడిపి ప్రేమించాడు. ఆదివారం బానెట్ ఎత్తి నీళ్లు చూసుకున్నాడు, టైర్లలో గాలి చూసుకున్నాడు, వింత చప్పుడొస్తే రేడియో కట్టేసి విన్నాడు. ఆయన్ను గుర్తుపెట్టుకోవాలంటే గుర్తుపెట్టుకోవాల్సింది ఆ అలవాటును. పాత బండిని మళ్లీ లేపే పనిలో ప్రతి మెట్టూ ఆ అలవాటే నేర్పుతుంది. తొందరపడకు, ముందు చూడు, చేత్తో తిప్పి చూడు, బిగిస్తే ఆగు, ఆగడం ఖాయమైతేనే కదులు. అందులో ఒక వరస ఉంది. కాగితాలు, కంటిచూపు, ఎలుకల గూళ్లు, వైర్లు ముందు. సిలిండర్లలో నూనె, చేతి తిప్పుడు, కొత్త ఆయిల్ ఆ తర్వాత. పాత పెట్రోలు దించడం, గొట్టాలు, కూలెంట్, బెల్టులు దాని వెనక. బ్రేకులు పూర్తిగా విప్పి బిగించడం, కొత్త టైర్లు దాని వెనక. బ్యాటరీ, అన్నిటికీ ఆఖరున తాళంచెవి. ఇంట్లో చేయలేని పనులను, ముఖ్యంగా బ్రేకులను, తెలిసిన మెకానిక్‌కు వదిలేయడం చిన్నతనం కాదు. కాని వరస మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

కాబట్టి విదేశానికో, వేరే ఊరికో వెళ్లబోతూ కారును ఏం చేయాలా అని ఆలోచిస్తున్నవాళ్లకు ఒకటే మాట. నడిపే మనిషి చేతిలో పెట్టండి, తమ్ముడో, బావమరిదో, నమ్మకమైన పక్కింటాయనో. వాళ్లు రెండు గీతలు పడేసినా ఫరవాలేదు, గీత పైనే ఉంటుంది, తుప్పు లోపల ఉంటుంది. అలాంటి మనిషి లేకపోతే అమ్మేయండి. ఇప్పటికే ఏళ్లు గడిచిపోయిన బండి మీ షెడ్డులో ఉంటే, ఈ సంక్రాంతికి దాన్ని లేపాలని మనసుంటే, బజారుకెళ్లి ముందుగా బ్యాటరీ కొనకండి. ప్లగ్గులు విప్పే పానా ఒకటి కొనుక్కురండి.